మునిగిన కొండపై డైవింగ్: అపోహలు - వాస్తవాలు

ఫిజీలో ‘వీతీ లేవు’, ‘వనువా లేవు’ అనే రెండు పెద్ద దీవుల నడుమ ఉన్న సముద్రం పేరు బ్లై వాటర్. 1789లో బౌంటీ ఓడలో తిరుగుబాటు చేసినవారు చిన్న పడవలోకి దించేసిన కెప్టెన్ బ్లై ఈ నీళ్ల మీదుగానే సాగిపోయాడు. ఇక్కడే ఈ-6 అనే కొండ ఉంది. వందల మీటర్ల లోతు నుంచి నిటారుగా లేచి, నీటి మట్టానికి కాస్త కిందే ఆగిపోతుంది. గైడ్‌గా నేను ఈ కొండ దగ్గరికి తీసుకువెళ్లే తెలుగువారిలో చాలామంది ఇవే మాటలంటారు.

అపోహ: వీపున ఉండేది ఆక్సిజన్ సిలిండర్.

మామూలు గాలే. వడగట్టి, తేమ తీసి, సుమారు 200 బార్ల ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉన్న గాలికి దాదాపు 200 రెట్ల ఒత్తిడితో నింపుతారు. అందులో ఆక్సిజన్ 21 శాతమే. స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తూ 6 మీటర్లు దాటి దిగితే అది విషమై మూర్ఛ తెప్పించగలదు.

అపోహ: ఎంత లోతుకు దిగితే అంత అందం.

మొదటి స్థాయి సర్టిఫికెట్ ఉన్నవారి హద్దు 18 మీటర్లు. అనుభవజ్ఞులకైనా 40. నేను మాత్రం ఎక్కువసేపు 15 మీటర్ల లోతు లోపే గడుపుతాను, ఎండ బాగా అందేది అక్కడే. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి నాలుగింతలు కాబట్టి సిలిండర్ నాలుగో వంతు సమయానికే ఖాళీ అవుతుంది. పైగా నీరు అన్నిటికన్నా ముందు ఎరుపును మింగేస్తుంది. ఒకసారి 20 మీటర్ల దగ్గర నా వేలు తెగితే కారిన రక్తం ముదురు ఆకుపచ్చగా కనిపించింది. అక్కడ బూడిద రంగులో ఉన్న పగడపు పొద మీద టార్చి వేసి చూడండి, కుంకుమ రాశి పోసినట్టు ఉంటుంది.

అపోహ: ప్రవాహం లేని రోజే డైవింగ్‌కు మంచి రోజు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అపోహ ఇది. ఈ కొండను కప్పిన మెత్తటి పగడాల్లో చాలావాటికి ఎండతో ఆహారం తయారుచేసిపెట్టే నాచు తోడు ఉండదు. ప్రవాహం మోసుకొచ్చే సూక్ష్మజీవులే వాటి తిండి. నీరు నిలిచిపోయినప్పుడు చూస్తే పిండేసిన తడిగుడ్డలా ముడుచుకుని గోడకు వేలాడుతుంటాయి. పోటు మొదలైందా, ఒంట్లోకి నీరు నింపుకుని ఒక్కొక్కటీ లేస్తుంది. కొమ్మ కొమ్మకూ చిన్ని నోళ్లు విచ్చుకుంటాయి. దగ్గరగా చూస్తే ఒక్కో నోటి చుట్టూ ఎనిమిది రెక్కలు, ఒక్కో రెక్క అంచున సన్నని కుచ్చు. కాసేపట్లో గోడంతా గులాబీ, ఊదా, నారింజ.

అలాగని ప్రవాహంతో ఆటలు పనికిరావు. తాడు పట్టుకుని దిగుతాం. కొండ చాటుకు చేరుకుంటాం. ఎదురీదం. ఎవరైనా కొట్టుకుపోతే వెతుక్కోకుండా నెమ్మదిగా పైకి వచ్చి గాలి నింపిన నారింజ రంగు గొట్టం ఎత్తి చూపాలి, పడవ వచ్చి ఎక్కించుకుంటుంది. ఉధృతి మరీ ఎక్కువగా ఉంటే ఆ రోజు దిగం. ఎంత డబ్బు కట్టి వచ్చినా సరే.

అపోహ: అక్కడ అసలు ప్రమాదం సొరచేపలే.

ప్రవాహం తాకే వైపు సొరచేపలు కనిపిస్తాయి. వాటి చూపు మన మీద ఉండదు, చేపల గుంపుల మీద ఉంటుంది. నాకు భయం కలిగించేది ఊపిరి బిగబట్టి పైకి లేచే మనిషి. 10 మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల్లో నిండిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు అవుతుంది. ఊపిరితిత్తులు చిట్లిపోవచ్చు. అందుకే నిమిషానికి 9 మీటర్లకు మించకుండా లేవాలి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, శ్వాస మాత్రం ఎక్కడా ఆపకూడదు.

అపోహ: పగడం రాయే కదా, పట్టుకుంటే ఏమవుతుంది?

రాయి కాదు, జంతువు. గట్టి పగడం కట్టుకున్న సున్నపు గూటి మీద పరుచుకున్న ప్రాణం కాగితమంత పలచన. మీ వేలు నొక్కిన చోట అది చిరిగిపోతుంది. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను ఈ ప్రాంతంలో ఎన్నో పగడపు దిబ్బలను విరగ్గొట్టింది. వేసవి గరిష్ఠం కన్నా నీరు ఒక్క డిగ్రీ ఎక్కువై వారాల తరబడి అలాగే ఉంటే తెల్లబారిపోయే ప్రాణులివి. వాటికి మన చేతి దెబ్బ కూడానా? నా బృందంలో చేతి తొడుగులు వేసుకోనివ్వను. తొడుగు ఉంటే చేయి ఊరుకోదు.

అపోహ: ఉదయం డైవింగ్, సాయంత్రం విమానం.

వద్దు. వరుసగా డైవింగ్ చేశాక కనీసం 18 గంటలు ఆగాలి. రక్తంలో, కండరాల్లో కరిగిన నైట్రోజన్ విమానంలోని తక్కువ ఒత్తిడికి బుడగలు కట్టవచ్చు. ఫిజీలో విమానాశ్రయం ఉన్న ‘నాడి’ పట్టణం నుంచి మీ విమానం ఎప్పుడో ముందే చెప్పండి, చివరి డైవింగ్ ఎప్పుడో దాన్ని బట్టి నిర్ణయిస్తాను.