పట్టీ రంగును ఫోన్ ఎలా చదువుతుంది?

మూత్ర పరీక్ష పట్టీని ముంచి, డబ్బా మీది రంగులతో మనమే పోల్చుకోవచ్చు కదా, మధ్యలో ఫోన్ దేనికని మధుమేహం ఉన్న ఒక పాఠకుడు అడిగారు.

మూత్రపిండాల వడపోత దెబ్బతినే తొలిదశలో నొప్పి ఉండదు. ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మాత్రం కొద్దికొద్దిగా మూత్రంలోకి జారుతుంది. నురగ కనబడితే వేడి చేసిందనుకుని మజ్జిగతో సరిపెట్టుకునే అలవాటు మనలో ఇంకా ఉంది, ఆ జాప్యమే ప్రమాదకరం.

మామూలు పట్టీలోని ప్రోటీన్ గడిలో టెట్రాబ్రోమోఫినాల్ బ్లూ అనే రంజనాన్ని (రంగు పదార్థాన్ని) పీహెచ్ 3, అంటే బాగా ఆమ్లత్వం ఉన్న స్థితి, దగ్గర నిలిపి ఉంచుతారు. అక్కడ అది పసుపుగా ఉంటుంది. ఆల్బుమిన్‌లోని ధనావేశపు అమైనో సమూహాలు పట్టుకోగానే రంజనం ప్రోటాన్‌ను వదిలేసి, పీహెచ్ ఏమాత్రం మారకపోయినా, ఆకుపచ్చకూ ఆపై నీలానికీ తిరుగుతుంది. ఆమ్లత్వం మారితేనే సూచిక రంగు మారుతుందని బడిలో బట్టీ పట్టించిన వాక్యాన్ని ఈ చిన్న గడి సవరిస్తుంది. రసాయనశాస్త్రాన్ని ఇక్కడినుంచి మొదలుపెట్టి చెబితే పిల్లలు మరిచిపోరు.

చిక్కంతా ఆ పసుపుకూ లేత ఆకుపచ్చకూ మధ్యనే ఉంది, వెలుతురు మారితే రంగు మారినట్టే కనబడుతుంది. షాపులో ట్యూబులైటు కింద నచ్చిన చీరను గుమ్మం దాకా తెచ్చి వెలుతురులో చూసుకోవడం అందుకే. సుమారు 2,700 కెల్విన్ల (వెలుతురు రంగును చెప్పే కొలమానం) బల్బు కింద తెల్లకాగితం కూడా పసుపు కాంతినే వెనక్కి పంపుతుంది. 6,500 కెల్విన్ల పగటి వెలుతురులో అలా జరగదు. పైగా ఫోన్ కెమెరా తనంతట తానే రంగులను సర్దేస్తుంది. అందుకని పట్టీని ముందుగా కొలిచిన రంగుగడులున్న అట్ట మీద పెట్టించి, రెంటినీ ఒకే ఫొటోలో తీయిస్తారు. అట్ట మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు అసలు విలువలనుంచి ఎంత తప్పాయో లెక్కగట్టి, అదే సవరణను పట్టీకి వర్తింపజేస్తారు. రంగు క్షణక్షణానికీ ముదురుతుంది కనుక ఎప్పుడు ముంచాలో, ఎంతసేపు ఆగాలో కూడా తెర మీద యాప్ చెబుతుంది.

ఇజ్రాయెల్ సంస్థ హెల్దీ.ఐఓ ఇదే పద్ధతిలో రూపొందించిన ఇంటి పరీక్షకు 2022లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ దీనిని మధుమేహం ఉన్నవారికి అందించింది. ఆ పరీక్ష ఆల్బుమిన్‌ను క్రియాటినిన్‌తో (కండరాలనుంచి వచ్చి మూత్రంలో పోయే వ్యర్థంతో) భాగించి చూస్తుంది. నీళ్లు ఎక్కువగా తాగితే రెండూ ఒకే పాళ్లలో పలచబడతాయి కనుక నిష్పత్తి చెదరదు. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు దాటితే వైద్యుడిని కలవాలి.

అయితే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. అక్కడ చాలామందిని పీడిస్తున్న మూత్రపిండాల జబ్బు ప్రధానంగా వడపోత గుచ్ఛాలను కాక మూత్రపిండంలోని సన్నని నాళికలనూ వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ తినేస్తుంది. చాలామందిలో ప్రోటీన్ తక్కువగానే పోతుంది, కాబట్టి రక్తంలో క్రియాటినిన్ చూడక తప్పదు.