బానెట్ అంచున పట్టీ: పురుగులకా, రాళ్లకా?

అనంతపురం నుంచి బెంగళూరు మార్కెట్టుకు చీనీకాయలు తోలే మా బామ్మర్ది నిరుడు తన పికప్ బండి బానెట్ ముందు అంచుకు నల్లటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి బిగించుకున్నాడు. అరచేయంత వెడల్పుతో, బానెట్ ఈ చివర నుంచి ఆ చివర దాకా, కొంచెం పైకి లేచి నిలబడే ఈ పట్టీని దుకాణాల్లో బగ్ డిఫ్లెక్టర్ అంటారు. ఎదురుగాలిని పైకి మళ్లించి, గాలితో పాటు పురుగులనూ అద్దం మీదుగా దాటించేస్తుందని చెప్పి అమ్ముతారు. "బావా, ఇది నిజంగా పురుగులను ఆపుతాదా, ఊరికే అందానికేనా?" అని అతడు అడిగాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక, ఊహతో కాకుండా లెక్కతోనూ కంటితోనూ చూసి సమాధానం చెప్పాలనుకున్నాను.

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగే లారీల్లో చాలావాటికి ఇప్పుడు ముందుకు పొడుచుకొచ్చిన బానెట్ లేదు. ఇంజను మీదనే క్యాబిన్ ఉంటుంది, అద్దం నిటారుగా గాలికి ఎదురు నిలుస్తుంది. అటువంటి బండికి ఈ పట్టీతో పనే లేదు. ఈ చర్చ అంతా బానెట్ ఉన్న పికప్‌లకు, జీపులకు సంబంధించినదే.

మన ప్రాంతంలో పురుగుల బాధ ఏడాది పొడుగునా ఉండేది కాదు. 2004లో బ్రిటన్‌లో ఆర్.ఎస్.పి.బి. అనే పక్షి సంరక్షణ సంస్థ దాదాపు 40,000 మంది వాహనదారుల చేత నంబరు ప్లేట్ల దగ్గర పలుచని ప్లాస్టిక్ పొర అంటింపజేసి, దాని మీద పడిన పురుగుల మచ్చలను లెక్కపెట్టించినప్పుడు, సగటున 5 మైళ్లకు ఒక్క మచ్చ మాత్రమే తేలింది. ఆ సగటు వారి నేలకు చెందినది. మన మెట్ట నేలల్లో కథ వేరు, ఎందుకంటే ఇక్కడ నెలల తరబడి ఏమీ ఉండదు, తొలకరి పడిందంటే నాలుగైదు రాత్రులు ముంచెత్తుతాయి. పుట్టల నుంచి ఉసిళ్లు లేస్తాయి. వేరుశనగ రైతులకు బాగా తెలిసిన ఎర్ర గొంగళి పురుగు, ఎండాకాలమంతా భూమిలో కోశంలో దాక్కొని, మొదటి గట్టి వానకు రెక్కల పురుగై బయటికొస్తుంది. ఇది దీపానికి వస్తుంది కనుకనే రైతులు చేలగట్ల మీద దీపపు ఎరలు పెట్టి, మంటలు వేసి పట్టి చంపుతారు. చీకటి రోడ్డు మీద పోయే బండి హెడ్‌లైటు కూడా ఆ పురుగుకు దీపపు ఎర వంటిదే.

జూన్‌లో ఒక రాత్రి గుత్తి దాటాక బామ్మర్ది పక్కన కూర్చొని నేనే చూశాను. పది నిమిషాల్లో అద్దం నిండా ఉసిళ్ల రెక్కలు అతుక్కున్నాయి. వైపర్ వేయగానే అవి పోకపోగా, వైపర్ తిరిగినంత మేరా తెల్లటి జిడ్డు పొర పరుచుకొని, ఎదుటి లారీ లైటు పడినప్పుడు ఆ పొర అంతా వెలిగిపోయి, రోడ్డు కనబడకుండా పోయింది. అప్పటికే బానెట్‌కు పట్టీ ఉంది.

ఎందుకు ఆపలేదు? గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. పట్టీ నుంచి అద్దానికి ఉన్న దూరం సుమారు 1.2 మీటర్లు. అంటే పట్టీ దాటిన పురుగు అద్దానికి తగలడానికి సెకనులో పద్దెనిమిదో వంతు సమయమే ఉంది. ఆ వ్యవధిలో అది అద్దం పై అంచు దాటాలంటే అర మీటరుకు పైగా లేవాలి. దానికి భూమ్యాకర్షణకు దాదాపు 40 రెట్ల త్వరణం కావాలి. గాలి అంత తోపు ఇవ్వగలదా? ఒక తేనెటీగ బరువు సుమారు 100 మిల్లీగ్రాములు. పట్టీ వల్ల సెకనుకు 10 మీటర్ల వేగంతో గాలి పైకి లేచిందని ఉదారంగా అనుకున్నా, తేనెటీగ ఒంటి మీద అది చూపే బలం భూమ్యాకర్షణకు మూడు రెట్ల త్వరణాన్ని మించి ఇవ్వదు. కావలసింది నలభై, దొరికేది మూడు. బరువైన పురుగు తన జడత్వంతో గాలి దారిని వదిలి నేరుగా అద్దం మీదికి వస్తుంది. ఒంటి బరువుతో పోలిస్తే రెక్కలూ కాళ్లూ పెద్దవైన దోమల వంటి తేలిక జీవులు గాలి వెంట పోతాయి గాని, అవి పట్టీ లేకపోయినా ఏటవాలు బానెట్ మీది గాలితో చాలావరకు పోయేవే.

లెక్క ఒక్కటే చాలదని, బానెట్ మీదా అద్దం మీదా జానెడు నూలు పోగులను టేపుతో వరుసగా అంటించి, పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద బండి నడిపించి, పట్టీతో ఒకసారి, పట్టీ తీసి ఒకసారి చూశాను. పట్టీ ఉన్నప్పుడు దాని వెనుక అడుగున్నర మేర పోగులు తిరగబడి బండి ముందువైపుకు ఊగాయి. అక్కడ గాలి సుడి తిరుగుతోందన్నమాట. అద్దం అడుగున ఉన్న పోగులు కాస్త అల్లాడాయి. డ్రైవరు చూపు పోయే చోట, అంటే అద్దం నడిమి నుంచి పైకి, ఏ తేడా నాకు కనబడలేదు.

అయితే పట్టీ దండుగేనని నేను అనను. మన దారుల్లో పురుగుల కంటే రాళ్ల బాధ ఎక్కువ. తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు బండలూ కంకరా సిమెంటూ తోలే లారీల వెనుక పోయినవారికి ఆ టపటప శబ్దం పరిచయమే. రెండు గ్రాముల రాయి 80 కిలోమీటర్ల వేగంతో తగిలితే అర జౌలు శక్తి. అదే వేగంతో ఎదురొచ్చే లారీ నుంచి ఎగిరిపడితే వేగం రెండింతలై, శక్తి నాలుగింతలు, అంటే రెండు జౌళ్లు అవుతుంది. ఆ శక్తి అంతా రాయి మొన మీద పడుతుంది, పెయింటు మందం మిల్లీమీటరులో సుమారు పదో వంతే. పెయింటు పెచ్చు లేస్తే కింద ఇనుము బయటపడి తుప్పు మొదలవుతుంది. బానెట్ ముందు అంచే ఈ దెబ్బలన్నీ తినే చోటు. పట్టీ ఆ దెబ్బలను తన మీద వేసుకుంటుంది, నా ఉద్దేశంలో దాని అసలు ప్రయోజనం అదే. అద్దానికి తగిలే రాయిని మాత్రం, తేనెటీగకు చెప్పిన కారణం చేతనే, అది తప్పించలేదు.

కొనేవారు చూడవలసినది ఎండ. ఈ పట్టీలకు వాడే అక్రిలిక్ ప్లాస్టిక్ వేడికి ఇనుము కంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువ సాగుతుంది. తెల్లవారుజాముకూ మే నెల మధ్యాహ్నానికీ మధ్య బానెట్ వేడిలో 40 డిగ్రీల తేడా ఉంటే, 1.4 మీటర్ల పట్టీ దాదాపు 4 మిల్లీమీటర్లు సాగుతుంది, దాని కింది ఇనుము ఒక మిల్లీమీటరైనా సాగదు. మరను బిగించి పట్టీని కదలనివ్వకపోతే రంధ్రం దగ్గరే బీట వేస్తుంది. రంధ్రం కోలగా ఉండి, మర కింద రబ్బరు వాషరు ఉంటే పట్టీకి సాగే చోటు దొరుకుతుంది. పాలీకార్బొనేట్ అనే మరో రకం ప్లాస్టిక్ రాతిదెబ్బకు అక్రిలిక్ కంటే బాగా తట్టుకుంటుంది గాని, పైన రక్షణ పూత లేకపోతే ఎండకు పసుపెక్కుతుంది.

ఇక దుమ్ము. ఎనిమిది నెలల తర్వాత పట్టీ విప్పినప్పుడు దాని కింద గోరు మందాన ఎర్రమట్టి గట్టిపడి ఉంది. తడిబట్టతో తుడిస్తే, మట్టి ఉన్నంత మేర పెయింటు మెరుపు పోయి గరుకుగా తగిలింది, రెండు చోట్ల ఆస్తరు రంగు కనబడింది. గాలికి పట్టీ అదిరినప్పుడల్లా మధ్యలో ఇరుక్కున్న ఇసుక ఉప్పుకాగితంలా పనిచేసింది. రాళ్ల నుంచి కాపాడవలసిన వస్తువే పెయింటును అరగదీసింది. బిగించినవారు వెనుక వేలు పట్టేంత సందు వదిలి ఉంటే, కడిగినప్పుడు నీళ్లు పోయి మట్టి కారిపోయేది.

పురుగుల మాటకొస్తే, వాటి ఒంటిలోని ద్రవంలో మాంసకృత్తులుంటాయి. తగిలిన వెంటనే చిక్కబడి, ఎండితే జిగురై అంటుకుంటాయి. విమానాల రెక్కల మీద ఇదే చిక్కును తగ్గించాలని 2015లో నాసా, బోయింగ్ సంస్థలు అమెరికాలో ఒక 757 విమానం రెక్క మీద ఐదు రకాల ఉపరితలాలను పరీక్షిస్తే, వాటిలో మెరుగైనది కూడా మచ్చలను సుమారు 40 శాతమే తగ్గించగలిగింది. మనకున్న మందు నానబెట్టడమే. డీజిలు గుడ్డతో తుడిస్తే జిడ్డు ఇంకా పరుచుకుంటుంది. తడిపిన గుడ్డను అద్దం మీద ఐదు నిమిషాలు పరిచి ఉంచి, మెత్తబడ్డాక తుడవాలి. పొడి అద్దం మీద వైపర్ వేయకూడదు. బానెట్ మీది మచ్చలను మరునాటి ఎండ ఎక్కకముందే కడిగేయాలి, వేడికి అవి పెయింటును పట్టుకుంటే మరకలు నిలిచిపోతాయి.

బామ్మర్ది పెయింటు సరిచేయించి, పట్టీని రబ్బరు వాషర్లతో, వేలెడు సందు వదిలి మళ్లీ బిగించాడు. ఇప్పుడు బండిలో సీటు కింద ఐదు లీటర్ల నీళ్ల క్యానూ, రెండు పాత నూలు తువ్వాళ్లూ ఉంటున్నాయి. వాన పడిన రాత్రి గుత్తి దగ్గర ఆపి అద్దం కడుక్కొని పోతున్నాడు.