బరంపురం తెలుగు సభల్లోంచి రాజకీయం ఎటుపోయింది?

సమాజం, రాజకీయాల మీద ఫౌండేషన్లు పెట్టే ఉపన్యాసాలు హైదరాబాదులోనో విశాఖలోనో జరుగుతాయి. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువాళ్లం వాటిని ఫోన్లో చూస్తాం. మా దగ్గర తెలుగు సభ అంటే ఉగాది కవి సమ్మేళనం, అవధానం, సన్మానం. అవి ఉండాల్సిందే. కానీ భూమి, చదువు, వలస, ఓటు గురించి తెలుగులో మాట్లాడుకునే చోటు మాకు ఎందుకు కరువైందో తెలియాలంటే నూరేళ్లు వెనక్కి వెళ్లాలి.

అప్పట్లో మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఒడియా ప్రాంతాలన్నీ ఒకే పాలన కిందికి రావాలని 1903లో మధుసూదన్ దాస్ చొరవతో ఉత్కళ సమ్మిళని మొదలైంది. తెలుగు జిల్లాలను ప్రత్యేక రాష్ట్రం చేయాలన్న ఆలోచనతో 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. ఈ రెండు ఉద్యమాల నడుమ నలిగింది మా జిల్లాయే. కోర్టులో, బడిలో ఏ భాష నడవాలన్నది ఇక్కడ కూటి సమస్య. కాబట్టి ఏ సభ పెట్టినా అందులో రాజకీయం ఉండేది.

పర్లాకిమిడిలో ఈ వాదన ఇంకా లోతుకు వెళ్లింది. 1880లో అక్కడ టీచరుగా చేరిన గిడుగు రామమూర్తి, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడారు. అక్కడి సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు. పైకి భాష గురించిన వాదన, లోపల చదువు ఎవరికి అందాలన్న ప్రశ్న. సమాజం మీద ఉపన్యాసం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆయనే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. పట్టణం ఒడిశాకు వెళ్లింది, పాతపట్నం, టెక్కలి వైపు మద్రాసులో మిగిలాయి. ఒడిశా కోసం రౌండ్ టేబుల్ సమావేశంలో వాదించిన పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి 1937లో ఆ రాష్ట్రానికి తొలి ప్రధాని (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు) అయ్యారు. గిడుగు మాత్రం ఈ విలీనాన్ని నిరసించి, యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు. ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ తర్వాత ఇక్కడి తెలుగువాళ్లు నోరు తగ్గించుకున్నారని నా అంచనా. తెలుగులో రాజకీయం మాట్లాడితే మళ్లీ సరిహద్దు గొడవ తెస్తున్నారంటారేమోనన్న టెన్షన్. పద్యం మాట్లాడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఆ గొడవ తీరిందా అంటే అదీ లేదు. ఒడిశా, ఆంధ్రా రెండూ తమవేనంటున్న కొరాపుట్ జిల్లా కొటియా గ్రామాల మీద 1968లోనే కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021లో అక్కడ ఆంధ్రా పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెక్కింది. అక్కడి గిరిజనులకు రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్నాయి. వాళ్ల గురించి రెండు ప్రభుత్వాలూ మాట్లాడాయి. ఏ ఫౌండేషనైనా బరంపురంలో ఉపన్యాసం పెట్టదలిస్తే కొటియాతో మొదలుపెట్టాలి, మాట్లాడటానికి ముందుగా కొటియావాళ్లనే పిలవాలి. ఉపన్యాసం తెలుగులో సాగినా ప్రశ్నలు ఒడియాలో రావచ్చు. మా బజారులో రోజూ ఆ రెండు భాషల్లోనే బేరాలాడుకుంటాం.