డిష్ సిగ్నల్ మీటర్ కొనే ముందు: అపోహలు, వాస్తవాలు

డిష్‌లు బిగించే పని చేస్తానని తెలియగానే చాలామంది అడిగేది "ఏ మీటర్ కొనమంటారు?" అని. బ్రాండ్ పేరు చెబితే సరిపోతుందనుకుంటారు. అసలు ఆ మీటర్ దేన్ని కొలుస్తుందో తెలిస్తే బ్రాండ్ సంగతి మీరే తేల్చుకోగలరు. నాకు తరచుగా వినిపించే మాటలు, వాటి మీద నా సమాధానాలు ఇవి.

అపోహ: ముల్లు చివరిదాకా వెళ్లిందంటే శాటిలైట్ దొరికినట్టే.

ఎక్కువమంది సమయం వృథా అయ్యేది ఈ నమ్మకం వల్లే. ఎల్‌ఎన్‌బీకీ (డిష్ ముందు ఉండి సిగ్నల్‌ని పట్టి కేబుల్‌లోకి పంపే భాగం) రిసీవర్‌కీ (టీవీ పక్కన ఉండే బాక్సు) మధ్య తగిలించే చిన్న ముల్లు మీటర్ చేసేది ఒకటే పని, కేబుల్‌లోకి దిగుతున్న 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న మొత్తం పవర్‌ని కొలవడం. అందులో మీకు కావలసిన శాటిలైట్ వాటా ఎంత, పక్క శాటిలైట్‌ది ఎంత, ఉత్త నాయిస్ ఎంత అన్నది దానికి తెలియదు.

కావాలంటే చేసి చూడండి. డిష్‌ని ఖాళీ ఆకాశం వైపు తిప్పండి, నాబ్‌ని మెల్లగా తిప్పుతూ ముల్లు మధ్యలో ఆగేలా పెట్టండి, తర్వాత ఎల్‌ఎన్‌బీ మూతి ముందు అరచెయ్యి అడ్డం పెట్టండి. ముల్లు లేస్తుంది, బీప్ పెరుగుతుంది. మీ చేతిలోంచి ఛానెళ్లేమీ రావడం లేదు కదా! వెచ్చగా ఉన్న ప్రతి వస్తువూ కొంత మైక్రోవేవ్ నాయిస్ వదులుతుంది, చల్లటి ఆకాశంతో పోలిస్తే అది చాలా ఎక్కువ. డిష్ కాస్త కిందికి వాలి గోడనో చెట్టునో చూస్తున్నా ఇదే జరుగుతుంది, మనం మాత్రం సిగ్నల్ వచ్చిందని సంబరపడి బోల్టులు బిగించేస్తాం. (ఎల్‌ఎన్‌బీ బతికే ఉందా లేదా అని చూడటానికి మాత్రం ఈ చెయ్యి పరీక్ష భలే పనికొస్తుంది.)

దానికి తోడు 60 సెంటీమీటర్ల డిష్ చూపు కేయూ బ్యాండ్‌లో (ఇళ్ల మీది చిన్న డిష్‌లు పట్టే ఫ్రీక్వెన్సీలు) దాదాపు 3 డిగ్రీల వెడల్పు ఉంటుంది, ఆకాశంలో పక్కపక్క శాటిలైట్లు రెండు మూడు డిగ్రీల దూరంలోనే ఉండొచ్చు, కాబట్టి పక్కవాడి దగ్గర కూడా ముల్లు అంతే హుషారుగా ఊగుతుంది. ముల్లు మీటర్ దండగ అనను. డిష్ దగ్గరే రిసీవర్, చిన్న టీవీ పెట్టుకుని, ముల్లుతో చోటు వెతికి టీవీలో క్వాలిటీ చూసి ఖాయం చేసుకునేవాళ్లకు అది చాలు. ఒక్క జాగ్రత్త, చాలావరకు ఇవి రిసీవర్ ఇచ్చే 13 లేదా 18 వోల్టుల మీదే నడుస్తాయి, అందుకే కనెక్టర్ విప్పేటప్పుడూ బిగించేటప్పుడూ రిసీవర్ ఆఫ్ చేయండి. అల్లిక వైరు పోగు ఒక్కటి మధ్య తీగకు తగిలితే షార్ట్ అవుతుంది.

అపోహ: అంకెలు చూపిస్తోంది కాబట్టి ఇది డిజిటల్ మీటర్.

లోపల అదే పాత పవర్ డిటెక్టర్ ఉంచి, ముల్లు తీసేసి ఎల్‌సీడీ తెర పెట్టినవి కూడా ఉంటాయి. గుర్తుపట్టడం తేలికే. మీటర్ మిమ్మల్ని ఫ్రీక్వెన్సీ, సింబల్ రేట్ (డేటా వచ్చే వేగం), పోలరైజేషన్ (తరంగం ఊగే దిశ) అడుగుతుందా, లేక జాబితాలోంచి శాటిలైట్‌ని, ట్రాన్స్‌పాండర్‌ని (శాటిలైట్‌లో ఒక ఫ్రీక్వెన్సీ మీద కొన్ని ఛానెళ్లను పంపే భాగం) ఎంచుకోమంటుందా? రెండూ లేకపోతే తెర ఎంత అందంగా ఉన్నా అది ముల్లు మీటరే. నిజమైన డిజిటల్ మీటర్‌లో ట్యూనర్ ఉంటుంది, అది ఒక ట్రాన్స్‌పాండర్ మీద లాక్ అవుతుంది (అంటే దాని సిగ్నల్‌ని పట్టి చదవగలుగుతుంది), కాస్త మంచివైతే నెట్‌వర్క్ పేరో ఛానెళ్ల జాబితానో చదివి మీరు ఏ శాటిలైట్ మీద ఉన్నారో చెప్పేస్తాయి. నేను మీటర్‌కి డబ్బు పెట్టమని చెప్పేది ఈ ఒక్క పని కోసమే.

కొనేటప్పుడు అది డీవీబీ-ఎస్2 (శాటిలైట్ టీవీ ప్రసారాల కొత్త పద్ధతి, పాతది డీవీబీ-ఎస్) పట్టుకుంటుందా అని తప్పకుండా చూడండి. ఉత్త డీవీబీ-ఎస్ మీటర్ ఎస్2 ట్రాన్స్‌పాండర్ మీద ఎప్పటికీ లాక్ కాదు, డిష్ నూటికి నూరుపాళ్లు సరిగ్గా ఉన్నా సరే. యూనికేబుల్ రకం (ఒకే కేబుల్ మీద చాలా రిసీవర్లు నడిపే) ఎల్‌ఎన్‌బీ అయితే ఆ కమాండ్లు పంపగల మీటర్ కావాలి, మామూలుది పనికిరాదు.

అపోహ: మంచి మీటర్‌కి సెట్టింగ్స్ అక్కర్లేదు, అదే చూసుకుంటుంది.

ఎల్‌ఎన్‌బీ లోకల్ ఆసిలేటర్ విలువ (శాటిలైట్ ఫ్రీక్వెన్సీని కేబుల్‌కి తగినట్టు తగ్గించడానికి అందులోంచి తీసేసే అంకె) తప్పు ఇస్తే ఎంత మంచి మీటరైనా గుడ్డిదే. యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీకి 9750, 10600 అని రెండు విలువలు ఉంటాయి, సీ బ్యాండ్‌కి (పెద్ద డిష్‌లు పట్టే, ఇంకా తక్కువ ఫ్రీక్వెన్సీలు) సాధారణంగా 5150. 11,500 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌పాండర్‌ని తీసుకోండి. 9750 తీసేస్తే 1750, కేబుల్‌లో సిగ్నల్ ఉండేది అక్కడే. మీటర్‌లో 10600 పెట్టి ఉంటే అది 900 దగ్గర వెతుకుతుంది, అక్కడ ఏమీ ఉండదు. మీరేమో గంటసేపు డిష్‌ని అటూ ఇటూ తిప్పుతూ ఉంటారు.

అపోహ: స్ట్రెంత్ 90 శాతం ఉంది, ఇంకేం కావాలి?

స్ట్రెంత్‌లో నాయిస్ కూడా కలిసే ఉంటుంది. లైన్‌లో ఆంప్లిఫైయర్ పెడితే సిగ్నల్‌తో పాటు నాయిస్ కూడా పెరుగుతుంది, బొమ్మ మాత్రం బాగుపడదు. సీ బ్యాండ్ డిష్‌లకు దగ్గర్లో 5జీ టవర్ ఉంటే ఎల్‌ఎన్‌బీ ఉక్కిరిబిక్కిరై స్ట్రెంత్ నిండుగా, క్వాలిటీ సున్నాగా కనిపించడం మామూలే. అప్పుడు కావలసింది ఫిల్టర్, డిష్‌ని ఎంత తిప్పినా లాభం లేదు.

క్వాలిటీ శాతాన్ని కూడా గుడ్డిగా నమ్మకండి. ఆ శాతానికి అందరికీ ఒకే కొలత అంటూ లేదు, ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్క కడుతుంది, అదే కేబుల్ ఒక బాక్సులో 60, ఇంకో బాక్సులో 85 చూపించినా ఆశ్చర్యం లేదు. సీ/ఎన్ లేదా ఎంఈఆర్‌ని (నాయిస్ కంటే సిగ్నల్ ఎంత పైన ఉందో చెప్పే కొలతలు) డీబీల్లో, అంటే డెసిబెల్స్‌లో చూపించే మీటర్ తీసుకుంటే మాటకు ఒక అర్థం ఉంటుంది. ఎస్2లో 8పీఎస్‌కే 3/4 అనే, డేటాని ఒత్తుగా నింపే పద్ధతి వాడే ట్రాన్స్‌పాండర్‌కి లెక్క ప్రకారం దాదాపు 8 డీబీ కావాలి, అంత ఒత్తుగా నింపని క్యూపీఎస్‌కే 3/4కి దాదాపు 4 చాలు. అంటే మొదటి రకం మీద 9 డీబీతో ఇవాళ ఎండలో బొమ్మ అద్దంలా కనిపిస్తుంది, ఎందుకంటే డిజిటల్‌లో కొద్దికొద్దిగా మసకబారడం అంటూ ఉండదు, ఉంటే పూర్తిగా ఉంటుంది లేకపోతే గళ్లుగళ్లుగా పగిలి పోతుంది. గట్టి వాన పడగానే ఆ ఒక్క డీబీ మిగులు హరించుకుపోతుంది. అందుకే లాక్ అయింది కదా అని వదిలేయకుండా నిర్మలమైన రోజున రాగలిగినంత డీబీ రాబట్టాలి.

అపోహ: ఫోన్‌లో యాప్ ఉంది, మీటర్ ఎందుకు?

ఫోన్‌కి కేయూ బ్యాండ్‌ని పట్టుకునే భాగమే లేదు. యాప్ మీరున్న చోటు చూసి దిక్కు, ఎత్తు (డిష్ పైకి ఎంత కోణంలో చూడాలో) లెక్కగట్టి చెబుతుంది. డిష్ ఎక్కడ పెడితే చెట్టు అడ్డం రాదో చూసుకోవడానికి బాగుంటుంది, నేనూ వాడతాను. కాకపోతే ఇనుప స్తంభం పక్కన ఫోన్ కంపాస్ దారి తప్పుతుంది. ఆఫ్‌సెట్ డిష్ (ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాకుండా కింది వైపు ఉండేది) అయితే ముఖం దాదాపు నిటారుగా ఉన్నా చూపు పైకే ఉంటుంది, కాబట్టి యాప్ చెప్పిన ఎత్తుని డిష్ వెనకున్న స్కేలు మీద చూడాలి, ముఖం వాలుని బట్టి కాదు.

అపోహ: ఇంట్లో డిష్ ఉన్న ప్రతివాళ్లకీ మీటర్ ఉండాలి.

అక్కర్లేదు. ఒక్క డిష్, ఒక్క శాటిలైట్ అయితే బాక్సులోని సిగ్నల్ పేజీ చాలు, లోపల ఒకరు వీడియో కాల్‌లో టీవీ చూపిస్తుంటే పని అయిపోతుంది. ఆ పేజీ ఒకటి రెండు సెకన్లు ఆలస్యంగా స్పందిస్తుందని గుర్తుంచుకుని, కొంచెం తిప్పడం, ఆగడం, చూడటం, మళ్లీ కొంచెం తిప్పడం అన్నట్టు చేయాలి. రెండు మూడు శాటిలైట్లు పెట్టుకునేవాళ్లూ, చుట్టుపక్కలవాళ్లకు చేసిపెట్టేవాళ్లూ డిజిటల్ మీటర్ కొంటే గిట్టుబాటు అవుతుంది. స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే గ్రాఫ్) చూపించే మీటర్లు రోజూ ఇదే పని చేసేవాళ్లకే. ఎండలో కనిపించే తెర, చూడకుండా పని చేసుకోవడానికి బీప్, మెడలో వేసుకునే పట్టీ, సరిపడా బ్యాటరీ, ఈ నాలుగూ మేడ మీద నిలబడ్డాక పెట్టె మీద రాసిన ఫీచర్ల కంటే ఎక్కువ విలువైనవి.

అపోహ: డిష్ దగ్గర రీడింగ్ బాగుంది, పని అయిపోయింది.

బోల్టు బిగిస్తుంటే డిష్ కదులుతుంది, అందుకే చివరి బోల్టు దాకా మీటర్ తగిలించే ఉంచాలి. శిఖరం ఎక్కడో తెలియకపోతే ఎడమకి తిప్పి ఒక డీబీ పడిన చోట, కుడికి తిప్పి ఒక డీబీ పడిన చోట స్తంభం మీద గీతలు పెట్టి, వాటి సరిగ్గా మధ్యలో ఆపండి. ఎత్తుకీ అంతే. తర్వాత ఎల్‌ఎన్‌బీని కొద్దికొద్దిగా మెలితిప్పి, రెండు పోలరైజేషన్లలోనూ ఎంఈఆర్ బాగున్న చోట బిగించాలి. ఆ రీడింగ్ రాసుకుని, కేబుల్ మొత్తం వేశాక మీటర్‌ని లోపలికి తెచ్చి బాక్సు దగ్గరి చివర తగిలించి మళ్లీ చూడండి. ఎంఈఆర్ డిష్ దగ్గర 13 ఉండి ఇక్కడ 9 ఉంటే మళ్లీ మేడెక్కి డిష్‌ని ముట్టుకోకండి, ముందు ఎఫ్ కనెక్టర్లు (కేబుల్ చివర్లకు బిగించే మరలు) విప్పి చూడండి.