ముక్కు పైపు, నెత్తురందని పేగు

నెల్లూరులోనో ఒంగోలులోనో ఏ పెద్దాసుపత్రి ఐసీయూ బయటైనా కాసేపు నిలబడితే ఈ మాట వినపడుతుంది: "మా నాయనకు నిన్నటి నుంచి ఏమీ పెట్టలా సిస్టర్, కాస్త జావైనా పోయండి." ఆ తపనలో తప్పేమీ లేదు. మింగలేని మనిషికి ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబ్ ఎంతోమందిని బతికించింది. పేగు పనిచేస్తున్నంతవరకు ఆహారం రక్తనాళంలోకి ఎక్కించడం కన్నా పేగుకే ఇవ్వడం మంచిదని డాక్టర్లు ఎక్కువగా అంటారు. అయితే చాలా అరుదుగా, ఆ ఆహారం వల్లే పేగు చచ్చిపోయే ప్రమాదం కూడా ఉంది.

మామూలుగా గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు పేగులు, కాలేయం వైపు వెళ్తుంది. అన్నం తిన్నాక ఆ వాటా ఇంకా పెరుగుతుంది. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ముదిరో, రక్తం బాగా పోయో బీపీ పడిపోతే లెక్క తిరగబడుతుంది. సోమశిల జలాశయంలో నీళ్లు తగ్గినప్పుడు తాగునీటికి అట్టిపెట్టి ఆయకట్టుకు కోత వేసినట్టు, శరీరం మెదడుకూ గుండెకూ రక్తాన్ని ఉంచి పేగులకు తగ్గిస్తుంది. బీపీ నిలబెట్టడానికి ఇచ్చే నార్‌అడ్రినలిన్ లాంటి మందులు ఎక్కువ మోతాదులో పేగు రక్తనాళాలను ఇంకా బిగించగలవు.

సరిగ్గా అప్పుడే ఫీడ్ (పైపులోంచి ఇచ్చే ద్రవాహారం) పోస్తే పేగు పని పెరుగుతుంది, ఆక్సిజన్ మాత్రం అందదు. చిక్కటి ఫీడ్ నీటిని పేగులోకి లాగుతుంది. అరగకుండా మిగిలినదాన్ని బాక్టీరియా పులియబెడితే గ్యాస్ పుడుతుంది. పేగు ఉబ్బి, ఆ ఒత్తిడికి గోడలోని సన్నటి నాళాలు నలిగి, వచ్చే కాస్త రక్తమూ ఆగుతుంది. రక్తనాళంలో ఎక్కడా గడ్డ అడ్డుపడకుండానే పేగు నల్లబడిపోతుంది. పొట్ట మీద రంధ్రం చేసి పైపును నేరుగా చిన్నపేగులోకి వేసినవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. జీర్ణాశయం ఆహారాన్ని కొంచెం కొంచెంగా కిందికి వదులుతుంది, ఇక్కడ ఆ అదుపు ఉండదు.

ఫ్రాన్స్‌లో 44 ఐసీయూల్లో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. షాక్‌లో (బీపీ బాగా పడిపోయి అవయవాలకు రక్తం చాలని స్థితిలో) ఉండి వెంటిలేటర్ మీదున్న 2,410 మందిలో సగం మందికి మొదటి నుంచే పైపు ద్వారా, మిగతా సగానికి మొదట రక్తనాళం ద్వారా పోషణ ఇచ్చారు. పైపు గుంపులో 19 మందికి, రెండో గుంపులో ఐదుగురికి పేగు రక్తప్రసారం దెబ్బతింది. మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే వందలో ఇద్దరికి కూడా రాని సమస్య ఇది. కానీ వస్తే కోలుకోవడం చాలా కష్టం. అందుకే దీని గురించి ఇంత చెప్పాల్సి వస్తోంది.

మత్తులో ఉన్న మనిషి నొప్పి అని చెప్పలేడు. పొట్ట ఉబ్బి గట్టిపడటం, పైపులోంచి ఫీడ్ వెనక్కి రావడం, కుదుటపడుతున్న బీపీ మళ్లీ పడిపోవడం, రక్తంలో లాక్టేట్ (ఆక్సిజన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే పదార్థం) పెరగడం, ఇవే సూచనలు. వీటిలో ఏదీ ఈ జబ్బుకే ప్రత్యేకం కాదు కాబట్టి పొరపడటం తేలిక. అనుమానం వస్తే ఫీడ్ ఆపి సీటీ స్కాన్ తీస్తారు. పేగు గోడలో గాలి బుడగలు కనిపిస్తే అది పెద్ద హెచ్చరికే. చచ్చిన భాగాన్ని ఆపరేషన్ చేసి తీసెయ్యాలి, అదీ ఆలస్యం లేకుండా.

కాబట్టి "బీపీ నిలబడేదాకా ఫీడ్ వద్దు" అని డాక్టర్ అంటే అది పస్తు పెట్టడం కాదు, పేగును కాపాడటం. మీకు టెన్షన్‌గా ఉంటే, బీపీ మందు డోసు తగ్గుతోందా, ఫీడ్ ఎప్పుడు మొదలుపెడతారు అని అడగండి. ఇంటి నుంచి తెచ్చిన రాగి జావ ఎవరికీ చెప్పకుండా సిరంజితో ఎక్కించొద్దు. నిన్నటికన్నా పొట్ట ఉబ్బినట్టు కనిపిస్తే డాక్టర్ రౌండ్స్‌కు వచ్చేదాకా ఆగకుండా వెంటనే సిస్టర్‌కు చెప్పండి. పక్షవాతం వచ్చి కుదుటపడి, ఇంట్లో పైపుతో ఉన్న పెద్దవాళ్లకు ఈ ముప్పు చాలా తక్కువ, వాళ్ల ఫీడ్ భయంతో ఆపొద్దు. ఐసీయూలో బీపీ కుదురుకున్నాక చాలాచోట్ల గంటకు 10 నుంచి 20 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, పొట్ట చూసుకుంటూ పెంచుతారు.