అల్బైసిన్ సందుల్లో నడవబోయే పిల్లలకు

పిల్లలూ,

1492 అనగానే మీకు కొలంబస్ గుర్తొస్తాడు. పరీక్షల్లో అదే అడుగుతారు కాబట్టి అందరం అంతవరకే చదివి వదిలేస్తాం. అదే ఏడాది జనవరి 2న స్పెయిన్ దక్షిణాన ఉన్న గ్రనాడా నగరాన్ని దాని చివరి ముస్లిం రాజు బొయాబ్దిల్, ఇసబెల్లా రాణికీ ఫెర్దినాండ్ రాజుకీ అప్పగించాడు. ఆ తర్వాత మూడున్నర నెలలకు, ఏప్రిల్ 17న, గ్రనాడా పక్కనే వాళ్ల సైన్యం విడిది చేసిన సాంతా ఫే అనే చోట కొలంబస్‌తో ఒప్పందం కుదిరింది. కొలంబస్ ఎక్కడికి పోయాడో మీకు తెలుసు. గ్రనాడాలో మిగిలిన జనం ఏమయ్యారో ఈ ఉత్తరంలో చెప్తాను. మీలో ఎవరు ఎప్పుడు స్పెయిన్ వెళ్లినా గైడు మిమ్మల్ని అల్బైసిన్ అనే పాత పేటలో తప్పకుండా నడిపిస్తారు, అప్పుడు ఏం చూడాలో ముందే తెలిసి ఉంటే మంచిది.

అల్బైసిన్ ఒక కొండ మీద ఉంది. ఎదురు కొండ మీద అల్హంబ్రా కోట, మధ్యలో దార్రో అనే సన్నటి నది. ఫొటోల్లో అందరూ చూసేది అల్హంబ్రానే, అది రాజుల ఇల్లు. మామూలు జనం, అంటే నేతగాళ్లు, కుమ్మర్లు, వ్యాపారులు, పంతుళ్లు ఉన్నది ఇటువైపు. 11వ శతాబ్దంలో గ్రనాడాను ఏలిన జీరీ వంశం వాళ్లు తమ కోట కట్టుకున్నది కూడా ఈ కొండ మీదే. యునెస్కో 1984లో అల్హంబ్రాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, అల్బైసిన్‌ను కలపడానికి ఇంకో పదేళ్లు పట్టింది, 1994లో చేర్చారు. ఎక్కడైనా అంతే కదా, రాజుగారి మేడ తర్వాతే మన ఇళ్ల వంతు.

దీన్ని మూర్ల పేట అంటారు. 711లో ఉత్తర ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చినవాళ్లనూ, ఆ తర్వాత స్పెయిన్‌లోనే పుట్టి పెరిగిన ముస్లింలనూ కలిపి యూరప్‌లో మూర్లు అనేవారు. దాదాపు ఎనిమిది వందల ఏళ్లు ఉన్నవాళ్లను ఇంకా బయటి నుంచి వచ్చినవాళ్లు అనడం నాకైతే నచ్చదు. ఎన్ని తరాలు గడిస్తే ఊరు మనదవుతుంది? మీ క్లాసులో ఈ ప్రశ్న అడిగి చూడండి.

నడక సాధారణంగా కింద నది ఒడ్డున మొదలవుతుంది. కరెరా దెల్ దార్రో అని ఇరుకు వీధి, ఒకవైపు నది, ఒకవైపు పాత ఇళ్లు. గైడు ఎల్ బాన్యుయెలో అనే చోట ఆగుతారు. బయట నుంచి చూస్తే మామూలు ఇంటి గుమ్మం, ఇదేంటి ఇక్కడ ఆపారు అనిపిస్తుంది. లోపలికి వెళ్తే 11వ శతాబ్దపు హమామ్, అంటే ఊరి స్నానాల గది. చన్నీళ్ల గది, గోరువెచ్చటి గది, వేడి గది వరసగా ఉంటాయి. వేడి గది నేల కింద మంట పెట్టేవారు. మధ్య గదిలో నిలబడి తల పైకెత్తండి. కప్పు ఇటుకల గుమ్మటం, దానికి నక్షత్రాల్లాగా, ఎనిమిది పలకల్లాగా కోసిన రంధ్రాలు ఉంటాయి, వాటిలోంచి వెలుగు ముక్కలుముక్కలుగా గోడల మీద పడుతుంది. ఆవిరి ఎక్కువైతే బయటికి పోయేదీ ఆ దారినే. తర్వాత స్తంభాల పైభాగాలు ఒక్కొక్కటీ చూడండి, ఏ రెండూ ఒకేలా ఉండవు, ఎందుకంటే అవి కొత్తగా చెక్కినవి కావు, రోమన్లవీ, వాళ్ల తర్వాత స్పెయిన్‌ను ఏలిన విసిగోతులవీ, కార్దొబా ఖలీఫాల కాలానివీ పాత కట్టడాల్లోంచి తెచ్చి నిలబెట్టారు. తర్వాతి కాలంలో ఈ గదుల మీద ఎవరో ఇల్లు కట్టుకున్నారు, కింద బట్టలు ఉతుక్కున్నారు. అలా వాడుకలో ఉండబట్టే కూలగొట్టకుండా మిగిలింది. హమామ్ మనకూ కొత్త కాదు, హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఒకటుంది, వీలైతే ముందు అది చూసి వెళ్లండి.

ఇంత నీళ్లు కొండ మీదికి ఎలా వచ్చాయి అని గైడును అడగండి. నాకు అల్బైసిన్‌లో అన్నింటికంటే నచ్చింది ఈ సంగతే. నది కింద ఉంది, ఊరు పైన ఉంది. మోటార్లు లేని రోజులు. కాబట్టి ఇంకా ఎత్తున ఉన్న అల్ఫకార్ అనే ఊరి ఊట నుంచి 11వ శతాబ్దంలోనే కాలువ తవ్వారు, దాని పేరు అయినదమార్. కొండల అంచులు పట్టుకుని చుట్టూ తిరుగుతూ, కొద్దికొద్దిగా వాలుతూ కిలోమీటర్ల కొద్దీ వచ్చి అల్బైసిన్ పైభాగంలోకి చేరుతుంది. దారిలో ఉన్న ఊళ్లు కూడా ఆ నీళ్లే వాడుకునేవి కాబట్టి ఎవరి వంతు ఎప్పుడో కట్టుబాటు ఉండేది, మన పల్లెల్లో చెరువు తూము దగ్గర నీరటి ఉండి వంతులవారీగా నీళ్లు వదిలినట్టే. పేటలోకి వచ్చాక మట్టి గొట్టాల్లో పంచి, నేల కింద ఇటుకలతో కట్టిన తొట్లలో నింపేవారు. ఆ తొట్లను అల్హీబే అంటారు. ఇప్పటికీ ఇరవైకి పైగా మిగిలాయి. వీధి మలుపులో గోడకు చిన్న ఇటుక కమాను, దాని వెనక చీకటి గొయ్యి కనిపిస్తే అదే. అన్నింటికంటే పెద్దదాని పేరు అల్హీబే దెల్ రేయ్, దాదాపు మూడు లక్షల లీటర్లు పడుతుంది. చాలాచోట్ల తొట్టి పక్కన చర్చి ఉంటుంది. అది కాకతాళీయం కాదు, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవాలి కాబట్టి మసీదు పక్కన తొట్టి కట్టారు, తర్వాత మసీదు స్థానంలో చర్చి వచ్చింది, తొట్టిని మాత్రం ఎవరూ తీసేయలేదు, నీళ్లు అందరికీ కావాలి కదా. 20వ శతాబ్దంలోకి వచ్చేదాకా జనం వాటిలో నీళ్లు తోడుకున్నారు.

అక్కడి నుంచి ఎక్కుడు. ఎక్కేటప్పుడు గోడలు చూడండి. పాత ఇళ్లకు వీధివైపు ఏమీ ఉండదు, తెల్లటి గోడ, చిన్న తలుపు, అంతే. తలుపు తీసినా లోపలేముందో కనపడదు, ఎందుకంటే దారి ఒక మలుపు తిరిగి అప్పుడు లోపలి వాకిట్లోకి వెళ్తుంది. వాకిట్లో చిన్న నీటి తొట్టి, చుట్టూ గదులు. ఎంత డబ్బున్నవాడైనా ఆ డబ్బు వీధిలోకి చూపించడు, ఇంట్లోవాళ్ల బతుకు ఇంట్లోవాళ్లకే. ఈ తలుపుల సంగతి గుర్తుపెట్టుకోండి, ఇప్పుడు చెప్పబోయే దానికి కావాలి.

బొయాబ్దిల్ ఊరికే ఊరు అప్పగించలేదు. 1491 నవంబర్‌లో ఒప్పందం రాయించుకున్నాడు. ముస్లింలు తమ మతంలోనే ఉండవచ్చు, మసీదులు, ఇళ్లు, ఆస్తులు వాళ్లవే, వాళ్ల తగాదాలు వాళ్ల న్యాయాధికారులే తీరుస్తారు, ఎవరినీ బలవంతంగా మతం మార్చకూడదు. రాజూ రాణీ ఒప్పుకుని సంతకాలు చేశారు. అది గట్టిగా పదేళ్లు కూడా నిలవలేదు. 1499లో సిస్నేరోస్ అనే ఆర్చిబిషప్ వచ్చి బలవంతపు మతమార్పిడులు మొదలుపెట్టాడు, అల్బైసిన్ జనం తిరగబడ్డారు, తిరగబడ్డారు కాబట్టి ఇక ఒప్పందం చెల్లదన్నారు. ఊళ్లోని అరబ్బీ పుస్తకాలు పోగు చేయించి బహిరంగంగా కాల్పించాడు, వైద్యం పుస్తకాలు మాత్రం పక్కన పెట్టించుకున్నాడు. వాటి ఉపయోగం తెలుసు మరి! 1501, 1502 వచ్చేసరికి బాప్తిస్మం తీసుకోండి, లేదంటే దేశం వదిలి పొండి అన్నారు. ఉండిపోయి మతం మారినవాళ్లను మొరిస్కోలు అన్నారు.

మారినా వదల్లేదు. 1567లో రెండో ఫిలిప్ రాజు శాసనం చాటింపు వేయించారు. మూడేళ్లలో అందరూ స్పానిష్ నేర్చుకోవాలి, ఆ తర్వాత ఇంట్లో కూడా అరబ్బీ మాట్లాడకూడదు. పాత బట్టలు కట్టకూడదు, పాత పేర్లు పెట్టుకోకూడదు, హమామ్‌లు మూసేయాలి. శుక్రవారాల్లో, పెళ్లిళ్లూ పండగల్లో ఇంటి తలుపులు బార్లా తీసి ఉంచాలి, లోపలేం చేస్తున్నారో వీధిలో పోయేవాళ్లకు కనపడాలి. ఆ మలుపు తిరిగిన దారుల్నీ, చిన్న తలుపుల్నీ కళ్లారా చూశాక ఈ ఆజ్ఞ గురించి వింటే ఎంత బాధ కలుగుతుందో మీకే అర్థమవుతుంది.

అప్పుడు ఫ్రాన్సిస్కో నూన్యెస్ మూలే అనే ముసలాయన, ఆయనా మొరిస్కోనే, అధికారులకు ఒక విన్నపం రాశాడు. నాకు ఆయనంటే చాలా గౌరవం. స్నానం శుభ్రత కోసం, దానికి మతంతో పనేముంది అన్నాడు. బట్టలు ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉంటాయి, తూర్పు దేశాల్లో అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు లేరా అన్నాడు. ఏళ్ల తరబడి ఒక భాష మాట్లాడిన ముసలివాళ్లు మూడేళ్లలో ఇంకో భాష ఎలా నేర్చుకుంటారు అని అడిగాడు. ఇంత చక్కగా, మర్యాదగా వాదించినా వినలేదు. 1568 క్రిస్మస్ ముందురోజు రాత్రి తిరుగుబాటు మొదలై పక్కనున్న అల్పుహారా కొండలన్నిటా పాకింది. 1569 జూన్‌లో అల్బైసిన్‌లో 10 ఏళ్ల నుంచి 60 ఏళ్ల వరకు మొరిస్కో మగవాళ్లను చర్చిల్లో పోగుచేసి, ఊరి బయటి రాజాసుపత్రికి నడిపించి, అక్కడి నుంచి వేరే ప్రాంతాలకు పంపేశారు. పదేళ్లంటే మీలో కొందరి వయసే. తర్వాతి ఏడాది మిగతా గ్రనాడా రాజ్యంలో ఉన్నవాళ్లనూ తరిమేశారు, 1609 నుంచి 1614 దాకా స్పెయిన్ మొత్తం నుంచీ వెళ్లగొట్టారు.

ఇప్పుడు మళ్లీ వీధిలోకి రండి. ఎత్తైన గోడల వెనక సైప్రస్ చెట్లు, దానిమ్మలు, మల్లె తీగలు కనిపిస్తాయి. వాటిని కార్మెన్‌లు అంటారు, తోటతో ఉన్న ఇల్లు. టూరిస్టులందరూ అబ్బా ఎంత బాగుందో అంటారు, బాగుంటుంది కూడా. మా గైడు అక్కడ ఆగి, ఈ కొండ మీద ఒకప్పుడు తోటలకు ఇంత చోటు లేదు, ఇల్లు ఇల్లూ ఆనుకుని ఉండేది అని చెప్పింది. జనాన్ని పంపేశాక ఖాళీ ఇళ్లు కూలిపోయాయి, కొత్తగా వచ్చినవాళ్లు నాలుగైదు స్థలాలు కలిపి తోటలు వేసుకున్నారు. ఈ మాట చెప్పని గైడుతో నడిస్తే మాత్రం మీరే అడగండి, ఇక్కడ ముందు ఎవరున్నారు, వాళ్లెటు పోయారు అని. మొహమాటపడొద్దు.

మిగతావి త్వరగా చెప్తాను. సాల్వదోర్ చర్చి ఈ పేటలోని పెద్ద మసీదు ఉన్న చోటే ఉంది, మసీదు వాకిలి, దాని కమానులు ఇంకా ఉన్నాయి. సాన్ హొసే చర్చి గంటల గోపురం నిజానికి 11వ శతాబ్దపు మినారు. ప్లాసా లార్గా దగ్గర ఆర్కో దె లాస్ పేసాస్ అనే పాత కోట ద్వారం ఉంది, పైన గోడకు తూకం రాళ్లు వేలాడుతుంటాయి, తూకంలో మోసం చేసిన వర్తకుల దగ్గర లాక్కున్నవట. దాని గుండా వెళ్తే సాన్ నికొలాస్ చర్చి ముందు ఖాళీ స్థలం, అక్కడి నుంచి అల్హంబ్రా, వెనక సియెర్రా నెవాదా మంచు కొండలు. జనం విపరీతంగా ఉంటారు, ఫోన్లు, పర్సులు జాగ్రత్త. ఆ రద్దీలోంచి పక్కకు వస్తే కొత్త మసీదు ఉంటుంది, 2003 జూలైలో తెరిచారు, 1492 తర్వాత గ్రనాడాలో కట్టిన మొదటి మసీదు అదే, చుట్టుపక్కలవాళ్ల అభ్యంతరాలు దాటి రావడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. దాని తోటలోకి ఎవరైనా వెళ్లవచ్చు, అదే దృశ్యం అక్కడ నిదానంగా చూడవచ్చు. ఓపిక ఉంటే ఇంకొంచెం ముందుకు సాక్రొమోంతే, కొండను తొలిచిన ఇళ్లు, ఫ్లమెంకో పాటగాళ్లు, అక్కడి హితానోల, అంటే స్పెయిన్ జిప్సీల, పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట మన దేశపు వాయవ్య ప్రాంతాల నుంచి బయల్దేరినవాళ్లు.

బాటలన్నీ నలుపు తెలుపు గులకరాళ్లు నిలువుగా పొదిగి వేసినవి, వాన పడితే బాగా జారతాయి, కాబట్టి పట్టు ఉన్న బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు. నడక రెండు రెండున్నర గంటలు ఉంటుంది, వేసవిలో అయితే పొద్దున్నే బుక్ చేయించుకోండి. కాళ్లనొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే పైదాకా చిన్న బస్సులు తిరుగుతాయి, వాళ్లను అందులో ఎక్కించి మీరు నడవండి. అల్హంబ్రా టికెట్లు ముందే అయిపోతాయి, అమ్మానాన్నలకు ఇప్పటి నుంచే గుర్తుచేయండి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ