మారియో ఫోన్లోకి ఎందుకొచ్చాడు, సోనీ పెట్టెలోకి ఎందుకు పోలేదు

1990లలో ఒడిశా సరిహద్దులోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం లాంటి ఊళ్లలో మారియో ఆడిన పిల్లల్లో ఎక్కువమంది మారియోను చేసిన జపాన్ కంపెనీ నింటెండో అసలు పెట్టెను, అంటే టీవీకి తగిలించి ఆడే కన్సోల్‌ను, చూసి ఉండరు. బజారులో దొరికే నకలు టీవీ గేమ్‌లో పసుపు కేసెట్ పెట్టి ఆడారు. ఆట మన సరిహద్దు ఊళ్లకు వచ్చింది, డబ్బు మాత్రం నింటెండోకు చేరలేదు. అందుకే, పెట్టె అమ్ముడుపోనప్పుడు పోటీదారుల పెట్టెల్లో ఆటలు అమ్ముకోవచ్చు కదా అని ఇక్కడివాళ్లు అడగడం సహజమే. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ పెట్టె ఆటలను పోటీదారులకు ఇస్తుండటంతో ఆ ప్రశ్న మళ్లీ వచ్చింది.

అడ్డుపడేది ఈ వ్యాపారం నడిచే తీరు. పెట్టె మీద మిగిలేది తక్కువ, ఒక్కోసారి నష్టమే. అసలు రాబడి ఆ పెట్టెకు ఆటలు చేసే బయటి కంపెనీలు ఇచ్చే వాటా. డిజిటల్ అమ్మకాల్లో అది మామూలుగా 30 శాతం. పెట్టె అమ్మే కంపెనీ తన ఆటను పోటీదారు దగ్గర పెడితే ఆ వాటా తనే ఎదురు కట్టాలి. తన పెట్టె కొనడానికి జనానికున్న కారణమూ పోతుంది.

సెగా అనే జపాన్ కంపెనీకి ఆ లెక్కలు వేసుకునే వ్యవధి లేకపోయింది. 1998 నవంబరులో జపాన్‌లో డ్రీమ్‌కాస్ట్ అనే పెట్టెను తెచ్చింది. 2000 మార్చిలో వచ్చిన సోనీ పెట్టె ప్లేస్టేషన్ 2 డీవీడీ సినిమాలూ చూపించేది. 2001 జనవరి 31న సెగా పెట్టెల తయారీ మానుకుంటున్నట్టు ప్రకటించింది. అధినేత ఇసావో ఒకావా తన సొంత ఆస్తిలో పెద్ద భాగాన్ని కంపెనీకి ఇచ్చేసి, ఆ మార్చిలోనే కన్నుమూశారు. ఏడాది తిరక్కుండానే సెగా ఆటల హీరో సోనిక్ పాత శత్రువు నింటెండో గేమ్‌క్యూబ్‌లోకి చేరాడు. సెగా బతికింది, కానీ అది ఓడిపోయాక పట్టిన దారి.

నింటెండో కథే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. 2012 మార్చితో ముగిసిన ఏడాదిలో దానికి 4,320 కోట్ల యెన్ల నష్టం వచ్చింది. ఆ నవంబరులో తెచ్చిన వీ యూ పెట్టె మొత్తం మీద 1.36 కోట్లే అమ్ముడైంది. ఆటలు ఫోన్లకు ఇవ్వమని వాటాదారులు ఒత్తిడి చేశారు. అధ్యక్షుడు సతోరు ఇవాతా మొదట ససేమిరా అన్నారు, 2014లో తన జీతం సగానికి కోసుకున్నారు, 2015లో డీఎన్‌ఏ అనే మొబైల్ కంపెనీతో చేయి కలిపారు. 2017 మార్చిలో సూపర్ మారియో రన్ ఆండ్రాయిడ్‌కు వచ్చింది. బరంపురం కుర్రాడి చేతికి అసలు మారియో అందింది అప్పుడే. ఆశించినంత లాభం రాలేదని నింటెండోయే ఒప్పుకుంది. అయినా పెద్ద ఆటలను అది తన పెట్టె స్విచ్‌కే ఉంచుకుంది. ఆ స్విచ్ అమ్మకాలు 15 కోట్లు దాటాయి. ఇది సరైన వరస అని నా నమ్మకం: చిన్న ఆటతో బయట పరిచయం, పెద్ద ఆటతో ఇంట్లో సంపాదన.

మైక్రోసాఫ్ట్ ఇంకో వైపు నడుస్తోంది. 2024 ఫిబ్రవరిలో నాలుగు ఆటలను పోటీదారుల పెట్టెలకు ఇస్తామంది. 2025లో ఫోర్జా హొరైజన్ 5, గేర్స్ ఆఫ్ వార్ ప్లేస్టేషన్‌కు వెళ్లాయి. దాన్ని తప్పుపట్టలేను. 2023లో 6,870 కోట్ల డాలర్లకు యాక్టివిజన్‌ను కొన్న నాటికే దాని ఆట కాల్ ఆఫ్ డ్యూటీ ఏళ్లుగా ప్లేస్టేషన్‌లో అమ్ముడవుతోంది. ఆ అమ్మకాలను మూసుకుంటే నష్టపోయేది మైక్రోసాఫ్టే. నింటెండో చేతిలో అలా బయట సంపాదించే ఆట లేదు.